సెలక్షన్ ఫారంలో ‘పొజిషన్’ గడిలో ఏం రాయాలి? మావాడు అన్ని చోట్లా ఆడాడు

కల్వకుర్తి_అన్న:
అందరికీ నమస్తే. జర తొందరలో ఉన్నా, సూటిగా అడుగుతాను.

మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్. వచ్చే శనివారం మహబూబ్‌నగర్‌లో ఉమ్మడి జిల్లా ఫుట్‌బాల్ సెలక్షన్స్ ఉన్నాయి, అండర్-19. ఫారం తెచ్చుకున్నాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కాలేజీ అన్నీ నింపి ఒక గడి దగ్గర ఆగిపోయాడు. ‘పొజిషన్’ అని ఉంది. ఆ గడి అగ్గిపెట్టె అంత కూడా లేదు.

వాడు ఆడని చోటు లేదు. ఎనిమిదో తరగతిలో పొట్టిగా, చురుగ్గా ఉండేవాడని ముందు వరసలో కుడి అంచున, అంటే రైట్ వింగ్‌లో పెట్టారు. తొమ్మిదిలో బ్యాక్ ఆడే పిల్లాడి కుటుంబం హైదరాబాద్ వెళ్లిపోతే మావాడు వెనక కుడి వైపు కాపలా కాసే రైట్ బ్యాక్ అయ్యాడు. పదిలో ఒక్కసారిగా పొడుగయ్యాడు, ఇంకేముంది, గోల్ ముందు మధ్యలో అడ్డుగా నిలబడే స్టాపర్ అన్నారు. ఊరి జట్టులో మిడ్‌ఫీల్డ్. మొన్న సంక్రాంతి టోర్నమెంటులో గోలీ వేలు విరిగితే సెకండాఫ్ అంతా గ్లౌజులు వేసుకుని నిలబడ్డాడు. రెండు గోల్స్ తిన్నాడు, అది వేరే సంగతి.

పోయినేడు సెలక్షన్లో ‘ఎక్కడైనా ఆడతాను సార్’ అన్నాడు. పావుగంట చొప్పున మూడు చోట్ల ఆడించి స్టాండ్‌బైలో వేశారు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు.

ఈసారి ఏం రాయమంటారు? ఒక్కటే రాస్తే ఆ చోటు నిండిపోగానే మావాడి పని అయిపోతుందేమో. అన్నీ రాస్తే మళ్లీ పోయినేటి కథే.

డెంటు_బంతి:
‘గోలీ తప్ప’ అని రాయమను. రెండు తిన్నాడన్నావు కదా.

నకిరేకల్_నైన్:
స్ట్రైకర్ అని రాయండి అన్నా, ఆలోచించకుండా. గోల్ కొట్టినోడి పేరే పేపర్లో వస్తది. బ్యాక్ ఆడినోడి పేరు ఎప్పుడొస్తది? సెల్ఫ్ గోల్ కొడితే వస్తది.

స్టాపర్_నల్గొండ:
నకిరేకల్ తమ్మీ, అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు? నువ్వు కొట్టే ప్రతి గోల్ వెనక నాలాంటోడు ఒకడు మోకాలి చిప్పలు అరగదీసుకుని ఉంటాడు.

కల్వకుర్తి అన్నా, నేను ఎన్జీ కాలేజీ గ్రౌండులో పద్నాలుగేళ్లు స్టాపర్ ఆడాను. నాకు తెలిసింది చెబుతా, నచ్చితే తీసుకో. ‘ఎక్కడైనా ఆడతా’ అన్న మాట కోచ్‌కు తేనెలా ఉంటుంది. అది అన్నవాడి గతి మాత్రం పెళ్లిలో వడ్డనకు దొరికిన చుట్టం గతే. పప్పు గిన్నె పట్టుకునే మనిషి లేకపోతే వాడి చేతికి, నీళ్ల జగ్గు ఆగిపోతే వాడి చేతికి. పని అంతా చేసి తను కూర్చుందామనుకునే సరికి బంతి లేచిపోతుంది. పెళ్లి బంతి అన్నా, ఫుట్‌బాల్ బంతి అన్నా వాడికి ఒకటే.

చోటు మారితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. బలం, పరుగు అవే కదా అనుకుంటారు. అసలు తేడా మెడలో ఉంది. స్టాపర్‌కు ఆట మొత్తం కళ్ల ముందే ఉంటుంది, వెనకాల గోలీ ఒక్కడే. సైడ్ బ్యాక్‌కు ఒక పక్క లైను ఉంటుంది, అటునుంచి ఎవడూ వచ్చి కాలు పెట్టలేడు. సగం మైదానం చూసుకుంటే సరిపోతుంది. మిడ్‌ఫీల్డ్‌లో నిలబడ్డావంటే నాలుగు దిక్కుల నుంచీ వస్తారు. బంతి కాలికి తగలకముందే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసి ఉండాలి. సెంటర్ ఫార్వర్డ్ అయితే గోల్‌కు వీపు పెట్టి, వీపు మీద మోచేతులు తింటూ బంతి ఆపాలి.

నేను జీవితంలో ఒక్కసారి మిడ్‌ఫీల్డ్ ఆడాను, సూర్యాపేట జట్టు మీద. పది నిమిషాల్లో మూడుసార్లు బంతి పోగొట్టుకున్నాను. కాళ్లు అవే, స్టడ్స్ అవే. వెనకనుంచి కూడా మనిషి వస్తాడన్న సంగతి మాత్రం నా తలకు అలవాటు లేదు. పదకొండో నిమిషంలో నన్ను తీసుకొచ్చి మళ్లీ స్టాపర్‌లో పెట్టారు. ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

అందుకే నా మాట, ఒక్కటే రాయి. ఏది బాగా వస్తే అది.

రాత్రిమ్యాచ్:
స్టాపర్ అన్నతో నేను ఒప్పుకోను. మెడ సంగతి చాలా బాగా చెప్పారు, కానీ ఆ మెడ నేర్చుకుంటే వస్తుంది కదా?

జర్మనీ ఆటగాడు ఫిలిప్ లామ్‌ను చూడండి. కెరీర్ అంతా సైడ్ బ్యాక్. కుడి కాలి మనిషి అయినా ఎన్నో ఏళ్లు ఎడమ వైపు ఆడాడు. 2013లో గార్డియోలా కోచ్‌గా బయర్న్ మ్యూనిక్ క్లబ్బుకు వచ్చి అతన్ని మిడ్‌ఫీల్డ్ మధ్యలో నిలబెట్టాడు. 2014 వరల్డ్ కప్‌లో జర్మనీ కెప్టెన్‌గా మొదటి మ్యాచులు మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడాడు. ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్ నుంచి మళ్లీ రైట్ బ్యాక్. అక్కడినుంచి కప్పు దాకా అంతే. ఒకే టోర్నమెంటులో రెండు వేర్వేరు ఉద్యోగాలు చేసినట్టు.

జేమ్స్ మిల్నర్ 2016-17 సీజన్ దాదాపు అంతా లివర్‌పూల్‌కు లెఫ్ట్ బ్యాక్. ఆయనది కుడి కాలు, అసలు ఆట మిడ్‌ఫీల్డ్. అల్ఫోన్సో డేవిస్ బయర్న్‌కు వింగర్‌గా వచ్చి లెఫ్ట్ బ్యాక్ అయ్యాడు, 2020లో బార్సిలోనాను 8-2తో ఓడించిన మ్యాచులో ఎడమ వైపంతా దున్నేశాడు. సాకా దానికి తలకిందులు. ఆర్సెనల్‌లో 2019-20లో లెఫ్ట్ బ్యాక్‌గా నిలదొక్కుకుని తర్వాత రైట్ వింగ్‌కు వెళ్లాడు. గారెత్ బేల్ కూడా టాటెన్‌హామ్‌లో లెఫ్ట్ బ్యాక్‌గానే మొదలు.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది కదా, ఆ జట్టులోని నిఖిల్ పూజారి వింగర్. తర్వాత కోచ్ మనోలో మార్కెజ్ అతన్ని రైట్ బ్యాక్ చేశాడు. ఆ చోటు నుంచే ఇండియా జట్టుకూ ఆడాడు. వింగర్ అని మాత్రమే రాసుకుని కూర్చుంటే అది వచ్చేదా?

స్టాపర్_నల్గొండ:
తమ్మీ, నీ పేర్లన్నీ మంచివే. వాళ్లకు జీతమిచ్చి, తిండి పెట్టి, రోజూ నేర్పించి చోటు మారుస్తారు. మన పిల్లలకు మ్యాచ్ మొదలయ్యే ఐదు నిమిషాల ముందు ‘ఒరేయ్, ఇయ్యాల నువ్వు లెఫ్ట్ బ్యాక్’ అంటారు. రెండూ ఒకటేనా?

రాత్రిమ్యాచ్:
ఒకటి కాదు, ఒప్పుకుంటా. కానీ ఆ ఐదు నిమిషాల ముందు మాట మన దగ్గర ఎలాగూ వస్తుంది. దానికి సిద్ధంగా ఉన్నవాడే ఆడతాడు.

నకిరేకల్_నైన్:
ఇంతకీ స్ట్రైకర్ అని ఎవరూ అంటలేరు.

పాత_లెఫ్ట్‌అవుట్:
పిల్లలూ, మీ వింగ్ బ్యాకులు, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డులు నాకు సగం అర్థం కావు. నాకు డెబ్బై దాటాయి. మహబూబ్‌నగర్‌లో మేం ఆడే రోజుల్లో రైట్ అవుట్, రైట్ ఇన్, సెంటర్ ఫార్వర్డ్, లెఫ్ట్ ఇన్, లెఫ్ట్ అవుట్ అనేవాళ్లం. వెనక ముగ్గురు హాఫులు, వాళ్ల వెనక ఇద్దరు బ్యాకులు. రెండు, మూడు, ఐదు. ఆ ఆట ఎప్పుడో పోయింది, మా ఊళ్లో పేర్లు మాత్రం మిగిలాయి. నెంబర్లు కూడా అక్కడివే. సెంటర్ ఫార్వర్డ్‌కు 9, లెఫ్ట్ అవుట్‌కు 11. నాది 11.

చోటు మార్చే ముచ్చట ఇప్పటిది కాదు. 1953లో హంగరీ వాళ్లు లండన్ వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో కొట్టారు. వాళ్ల 9 నెంబరు హిదెగ్‌కుటి ముందుకు పోకుండా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఇంగ్లీషు స్టాపర్‌కు అతని వెంట పోవాలో, తన చోట ఉండాలో తెలియలేదు. ఆయన మూడు గోల్స్ కొట్టాడు. రెండేళ్ల కింద మా మనవడు ‘ఫాల్స్ నైన్’ అని ఏదో కొత్త విద్యలాగా నాకు చెప్పబోయాడు. నవ్వొచ్చింది.

మన హైదరాబాద్ రహీం సాబ్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. ఆయన తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన చేతిలో ఉన్నప్పుడే ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా సంగతి వినండి. జర్నైల్ సింగ్ మన స్టాపర్. ఆసియాలోనే గట్టి స్టాపర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతన్ని కూర్చోబెట్టాలి కదా? రహీం సాబ్ సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌లో ఆడించారు. కట్టు కట్టిన తలతోనే గోల్ కొట్టాడు. ఫైనల్ దక్షిణ కొరియాతో. అక్కడా అతను సెంటర్ ఫార్వర్డే. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. మన దేశానికి ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆఖరి బంగారం అదే.

కాబట్టి నకిరేకల్ బాబూ, స్టాపర్ కూడా పేపర్లోకి ఎక్కుతాడు.

స్టాపర్_నల్గొండ:
పెద్దసారుకు పాదాభివందనం. ఇక నేను ఏం మాట్లాడినా నా మీదికే వస్తుంది.

డెంటు_బంతి:
తలకు కట్టుతో హెడ్ గోలా అని అడగాలనుంది, కానీ పెద్దసారు తిడతారేమో.

పాత_లెఫ్ట్‌అవుట్:
తిట్టను. నేనూ చూడలేదు. మా నాన్న రేడియో ముందు కూర్చుని చెప్పిందే.

గోలీ_మిర్యాలగూడ:
గోలీని ఎవరూ పొజిషన్ అనుకోరు, అందరూ శిక్ష అనుకుంటారు. లావుగా ఉన్నోడికో, ఆలస్యంగా వచ్చినోడికో ఇస్తారు. సరే, నా బాధ నేను చెప్పుకుంటా.

పెద్దసారు 1962 అన్నారు కదా, ఆ జట్టు గోలీ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్ బిడ్డే. మిలిటరీలో చేరిన కొత్తలో ఆడింది సెంటర్ ఫార్వర్డ్. తర్వాత గోలీ అయ్యాడు, అయ్యాక ఆసియాలో అంతటి గోలీ లేడన్నారు. ఫార్వర్డ్ ఆడినోడికి ఒక లాభం ఉంటుందని నా నమ్మకం. కొట్టేవాడి భుజం ఎటు తిరుగుతుందో, నిలబడ్డ కాలు ఎటు చూస్తుందో ఎరుక ఉంటుంది.

ఇంకో ముచ్చట. 1992కు ముందు మన బ్యాక్ వెనక్కి బంతి ఇస్తే గోలీ చేత్తో పట్టుకునేవాడు. ఆ ఏడాది రూల్ మార్చారు. కావాలని కాలితో ఇచ్చిన బంతిని చేత్తో ముట్టుకోకూడదు. అప్పటినుంచి గోలీకి రెండు ఉద్యోగాలు. చేతులకు ఒకటి, కాళ్లకు ఒకటి. మా గ్రౌండులో ఎండాకాలం నేల పగిలి ఉంటుంది. బ్యాక్ మెల్లగా నెట్టిన బంతి నా దగ్గరికి వచ్చేసరికి కుందేలులా గెంతుతుంది. దాన్ని ఒక్క టచ్‌తో ఆపి పక్కకు ఇవ్వడం ఏ స్ట్రైకర్‌కైనా చేతనైతే వచ్చి చూపించమనండి. ఆడలేక మద్దెల ఓడు అంటారని తెలుసు, అయినా మా మద్దెల నిజంగానే ఓటిది.

కల్వకుర్తి అన్నా, ఒక జాగ్రత్త. మీవాడు సంక్రాంతికి గ్లౌజులు వేసుకున్నప్పుడు రెఫరీకి చెప్పారా? బయట ఆడేవాడు గోలీతో చోటు మార్చుకోవచ్చు, కానీ ఆట ఆగినప్పుడు, రెఫరీకి చెప్పి. చెప్పకుండా మారితే ఆట ఆగినాక ఇద్దరికీ ఎల్లో కార్డు. ఇది చాలా జట్లకు తెలియదు.

కల్వకుర్తి_అన్న:
హాఫ్ టైంలో మార్చారు అన్నా, దెబ్బ తగిలినోడు బయటికి వచ్చేశాడు. రెఫరీకి చెప్పారు. ఆ రెఫరీ మా మేనమామే, చెప్పకపోయినా తెలిసేది.

డెంటు_బంతి:
మేనమామ రెఫరీ అయినా రెండు తిన్నాడా!

రాత్రిమ్యాచ్:
గోలీ ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి. జాన్ ఓషే మాంచెస్టర్ యునైటెడ్‌లో ఆడని చోటు లేదు. 2007 ఫిబ్రవరిలో టాటెన్‌హామ్ మీద గోలీ వాన్ డెర్ సార్ ముక్కు పగిలింది, అప్పటికే ముగ్గురు సబ్‌స్టిట్యూట్లు అయిపోయారు. ఓషే గ్లౌజులు వేసుకుని టాటెన్‌హామ్ ఫార్వర్డ్ రాబీ కీన్ ఒంటరిగా వస్తే ఆపాడు. కల్వకుర్తి తమ్ముడు ఆ కోవలోకి వస్తాడు.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. ఇప్పుడు ఐదుగురిని మార్చుకోవచ్చు, 2020లో కరోనా టైంలో పెట్టి తర్వాత ఖాయం చేశారు. వరల్డ్ కప్‌కు 23 మంది బదులు 2022లో 26 మందిని తీసుకెళ్లనిచ్చారు. అంటే పెద్ద జట్లకు ఒక్కో చోటుకు ఒక్కో మనిషిని ఉంచుకునే వీలు పెరిగింది. అన్ని చోట్లా ఆడేవాడి అవసరం ఎక్కువగా ఉండేది ఇప్పుడు మనలాంటి చిన్న జట్లలోనే. ఒక ఆటోలో పట్టేంత మందితో టోర్నమెంటుకు పోయే జట్లలో.

నకిరేకల్_నైన్:
మా జట్టు ఒకసారి తొమ్మిది మందితో పోయింది. ఏడుగురికి తగ్గనంత వరకు ఆడనిస్తారు కదా అని ధైర్యం. ఆ రోజు నేను స్ట్రైకర్, రైట్ వింగ్, కొంచెం సేపు రైట్ బ్యాక్. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. ఎంత ఓడామో అడగకండి.

అడ్మిన్:
క్రికెట్‌లో ఆల్‌రౌండర్లు గొప్పా, ఫుట్‌బాల్‌లో గొప్పా అన్న పదకొండు పోస్టులు తీసేశాను. దానికి వేరే చర్చ మొదలుపెట్టుకోండి. ఇక్కడ ఒక పిల్లాడి ఫారం సంగతి నడుస్తోంది.

ఎడమకాలు_అక్క:
నేను చాలా రోజులుగా చదవడమే కానీ రాయలేదు. ఇది చదివాక ఆగలేకపోయాను.

నాది కల్వకుర్తి తమ్ముడికి పూర్తిగా ఎదురు కథ. నల్గొండలో మా అమ్మాయిల జట్టులో ఎడమ కాలితో ఆడేది నేనొక్కదాన్నే. మొదటి రోజే సార్ చూసి ‘లెఫ్టా? అయితే లెఫ్ట్ బ్యాక్’ అన్నారు. అంతే. బడిలో లెఫ్ట్ బ్యాక్, కాలేజీలో లెఫ్ట్ బ్యాక్, యూనివర్సిటీ జట్టులో లెఫ్ట్ బ్యాక్. తొమ్మిదేళ్లు ఆ సున్నం గీత పక్కనే బతికాను. నాకు మధ్యలో ఆడాలని ఉండేది. పాసు ఎక్కడికి పోవాలో నాకు కనిపించేది, కానీ ఇచ్చే చోట నేను ఉండేదాన్ని కాదు. ఒకసారి అడిగాను. ‘నువ్వు పోతే అక్కడ ఎవరు?’ అన్నారు. నిజమే, ఎవరూ లేరు. అందుకని ఇంకోసారి అడగలేదు.

ఒక్కటే రాయమని స్టాపర్ అన్న అంటున్నారు. ఒక్కటే రాస్తే ఆ ఒక్కటే మన మెడకు కట్టేస్తారు. అది మనం ఎంచుకున్నదైతే పరవాలేదు.

కల్వకుర్తి అన్నా, ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. మీ తమ్ముడికి ఎక్కడ ఆడటం ఇష్టం?

స్టాపర్_నల్గొండ:
అక్కా, నా పోస్టు నేను వెనక్కి తీసుకోను కానీ, ఈ కోణం నాకు తట్టలేదు. నేను ఇష్టపడిన చోటే నాకు దొరికింది, అందుకని అట్ల మాట్లాడానేమో.

కల్వకుర్తి_అన్న:
అక్కా, ఇప్పుడే అడిగి వస్తున్నా. సిగ్గుగా ఉంది, ఇన్నాళ్లూ నేనూ అడగలేదు. ‘రైట్ బ్యాక్’ అన్నాడు. ఎందుకురా అంటే ‘ముందర మొత్తం గ్రౌండు ఉంటది, ఉరకొచ్చు’ అన్నాడు. రెండోది ఏదంటే, బ్యాకుల ముందర నిలబడి బంతి గుంజుకునే మిడ్‌ఫీల్డ్ అన్నాడు. వింగ్ ఇష్టం లేదట. గోల్ కొట్టకపోతే అందరూ తన మొహమే చూస్తారట.

పీఈటీ_టీచరమ్మ:
అయితే పని సులువైంది. నేను వనపర్తి జిల్లాలో పీఈటీని, సెలక్షన్లలో బల్ల అటువైపు కూడా కూర్చున్నాను. అక్కడ జరిగేది చెబుతా.

వంద మంది దాకా పిల్లలు వస్తారు. సగం మంది ఫారాల్లో ‘ఫార్వర్డ్’ అని ఉంటుంది (నకిరేకల్ బాబు గారి శిష్యులు). ముందు పొజిషన్ల వారీగా విడగొట్టి జట్లు కడతాం. ‘ఎక్కడైనా’ అన్న పిల్లాడిని మిగిలిపోయిన చోట వేస్తాం. అది వాడి మీద కోపంతో కాదు, చోటు ఖాళీగా ఉంది కాబట్టి. అక్కడ వాడు పావుగంట ఆడతాడు, తన అసలు ఆట చూపించకముందే విజిల్ పడుతుంది. మళ్లీ ఇంకో చోట. మూడు చోట్ల మూడు పావుగంటలు చూసినా ఈ పిల్లాడు ఇదీ అని మా కాగితం మీద ఏమీ పడదు. మీ తమ్ముడికి పోయినేడు జరిగింది ఇదే అయ్యుంటుంది.

కాబట్టి ఒకటి పెద్దగా రాయండి, దాని పక్కింటి పొజిషన్ చిన్నగా రాయండి. పక్కిల్లు అంటే, ఒకచోట నేర్చుకున్న పని రెండో చోట కూడా సగం పనికొచ్చేది. రైట్ బ్యాక్‌కు పక్కిళ్లు మూడు. స్టాపర్, బ్యాకుల ముందరి మిడ్‌ఫీల్డ్, రైట్ వింగ్. వాటిలో మీవాడికి నచ్చింది రాయండి. రైట్ బ్యాక్ అని రాసి పక్కన స్ట్రైకర్ అని రాస్తే మేం నవ్వుకుంటాం, జర్నైల్ సింగ్ అయితే తప్ప.

రైట్ బ్యాక్‌లో మేం చూసేవి ఏంటంటే, వింగర్ ఎదురొచ్చినప్పుడు ఎగిరి కాలు వేస్తాడా, ఓపిగ్గా వాణ్ని లైను వైపు తోస్తాడా. స్టాపర్లు ముందుకు జరిగినప్పుడు తనూ జరుగుతాడా. ఒక్కడు వెనక మిగిలిపోతే, ఎదుటి ఫార్వర్డ్‌ను మన గోల్ దగ్గర ముందే కాచుకోనివ్వని ఆఫ్‌సైడ్ లైను మొత్తం చెడిపోతుంది, ఎదుటి ఫార్వర్డ్ హాయిగా నిలబడతాడు. పైకి వెళ్లి అంచు నుంచి గోల్ ముందుకు క్రాస్ వేశాక తిరిగి రావడం. పైకి అందరూ ఉరుకుతారు, వెనక్కి ఉరికేవాళ్లను మేం రాసుకుంటాం. ఇక నోరు. వెనక ఆడేవాడు మౌనంగా ఉంటే నాకు చిరాకు.

ఇంకొకటి. ఎడమ కాలు ఎట్లుంది?

కల్వకుర్తి_అన్న:
ఎడమ కాలు నిలబడటానికే మేడం.

పాత_లెఫ్ట్‌అవుట్:
రహీం సాబ్ ఒట్టి బలహీనమైన కాలితోనే ఆడాలని పిల్లలకు పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఇంకో రకం పోటీ. అప్పట్లో విని పిచ్చి అనుకున్నవాళ్లు ఉన్నారట.

పీఈటీ_టీచరమ్మ:
పెద్దసారు అసలు మాట చెప్పారు. శనివారానికి ఆరు రోజులు ఉంది. ఆరు రోజుల్లో ఎడమ కాలు కుడి కాలు కాదు, కానీ భయం పోతుంది. గోడ ముందు పది అడుగుల దూరంలో నిలబడి ఎడమ కాలి లోపలి వైపుతో కొట్టడం, తిరిగొచ్చింది ఎడమ కాలితోనే ఆపడం. పొద్దున వంద, సాయంత్రం వంద. నిలబడ్డ కుడి పాదం బంతి పక్కనే ఉండాలి, వేళ్లు గోడ వైపు చూడాలి. చాలామందికి బంతి పక్కకు పోయేది తన్నే కాలి వల్ల కాదు, ఆనించిన కాలి వల్ల.

ఎందుకు చెబుతున్నానంటే, ఎప్పుడు సెలక్షన్ పెట్టినా లెఫ్ట్ బ్యాకులకు కరువే. ఎడమకాలు అక్క సాక్ష్యం. కుడి కాలి పిల్లలు ఎడమ వైపు నిలబడితే ప్రతి బంతినీ లోపలికి తిప్పుకుంటారు, ఎదుటివాడికి అది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒక్కసారైనా ఎడమ కాలితో లైను వెంబడి బంతి పంపితే చాలు, వాడు ఆలోచనలో పడతాడు.

ఎడమకాలు_అక్క:
మేడం, ఆ కరువు తీరి ఉంటే నేను మధ్యలో ఆడేదాన్ని.

నిజామాబాద్ తండా నుంచి వెళ్లి ఇండియాకు వింగ్‌లో ఆడుతున్న గుగులోతు సౌమ్యను టీవీలో చూసినప్పుడల్లా మా జట్టు పిల్లలు అందరూ వింగ్ కావాలంటారు. నేను ఇప్పుడు ఆదివారాలు ఒక పదిహేను మంది అమ్మాయిలకు నేర్పిస్తున్నాను. నెలకోసారి చీటీలు వేసి చోట్లు మార్చేస్తా. గోలీ చీటీ వచ్చిన పిల్ల ఏడుస్తుంది, ఆ పూట మాత్రం.

నకిరేకల్_నైన్:
అక్కా, మీ దగ్గర స్ట్రైకర్ చీటీలు ఎన్ని వేస్తారు?

ఎడమకాలు_అక్క:
ఒక్కటే తమ్ముడూ. అది కూడా నాకు వస్తే తిరిగి డబ్బాలో వేస్తా.

రాత్రిమ్యాచ్:
కల్వకుర్తి అన్నా, శనివారం ఏమైందో తప్పకుండా రాయండి. చర్చ మధ్యలో వదిలేసి పోయేవాళ్లంటే నాకు పరమ చిరాకు.

గోలీ_మిర్యాలగూడ:
నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లమను. ట్రయల్ మ్యాచులంటే మధ్యాహ్నం దాకా కూర్చోబెడతారు. ఎండలో నిలబడి నిలబడి వంతు వచ్చేసరికి కాళ్లు పట్టేస్తాయి. వంతుకు పావుగంట ముందు లేచి మెల్లగా ఉరకాలి.

కల్వకుర్తి_అన్న:
(శనివారం, రాత్రి)

బస్సులో ఉన్నాం, జడ్చర్ల దాటాం. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది, అయినా రాస్తాను, లేకపోతే రాత్రిమ్యాచ్ తమ్ముడు తిడతాడు.

గడిలో ‘రైట్ బ్యాక్’ అని రాశాడు, కింద సన్నగా ‘డి. మిడ్‌ఫీల్డ్’ అని. చూస్తే రైట్ బ్యాక్ రాసినోళ్లు మావాడితో కలిపి ఏడుగురు. నాకు గుండె జారిపోయింది. లెఫ్ట్ బ్యాక్ అని రాసినోళ్లు ఇద్దరే, అందులో ఒకడు రాలేదు. సార్లు ‘ఎడమ వైపు ఎవరాడతారు?’ అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. మావాడు నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు, అనకూడదనుకున్నా. వాడే చెయ్యెత్తాడు.

మొదటి సగం లెఫ్ట్ బ్యాక్. మొదటి బంతి ఎడమ కాలితో కొడితే నేరుగా బయటికి పోయి చెట్టు కింద కూర్చున్న తల్లిదండ్రుల టిఫిన్ డబ్బాల మీద పడింది. రెండోది కొంచెం నయం. పావుగంట తర్వాత ఒకటి లైను వెంబడి తిన్నగా పోయింది, వింగర్ అందుకున్నాడు. గోల్ కాలేదు. కానీ దాని తర్వాత ఎదుటి పిల్లాడు దగ్గరికి రావడం తగ్గించాడు, మేడం చెప్పినట్టే. రెండో సగంలో రైట్ బ్యాక్ అడిగి మరీ ఇచ్చారు. అక్కడ వాణ్ని చూస్తే వేరే మనిషిలా ఉన్నాడు. అరిచాడు కూడా. ఇంట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చివర్లో అలసిపోయి ఒకసారి వెనక్కి రాలేకపోయాడు, ఆ పక్కనుంచే గోల్ పడింది. సార్లు ఏదో రాసుకున్నారు. అది మంచిదో కాదో.

లిస్టు మంగళవారం పెడతారట.

పీఈటీ_టీచరమ్మ:
చెయ్యి తనే ఎత్తాడు కదా. మంగళవారం ఏమొచ్చినా ఇక్కడ రాయండి.

డెంటు_బంతి:
టిఫిన్ డబ్బాలు ఎవరివో కనుక్కున్నారా? సెలక్టర్లవి కాదు కదా?

పాత_లెఫ్ట్‌అవుట్:
పిల్లాడేమంటున్నాడు?

కల్వకుర్తి_అన్న:
ఏమీ అనడం లేదు సార్, నా భుజం మీద తలపెట్టి నిద్రపోయాడు. స్టడ్స్ విప్పేశాడు. ఎడమ కాలి బొటనవేలి గోరు నల్లగా అయింది.